ఆర్‌ఎఫ్‌ఐడీ కంట్రోలర్‌కి పింగ్ వస్తోంది, పీఎల్‌సీ మాత్రం కనెక్ట్ అవ్వట్లేదు

ప్యానెల్_పిల్లోడు, గుంటూరు
సోమవారం రాత్రి 9:42

అన్నలూ, చిన్న సాయం కావాలి. ఏటుకూరు రోడ్డు వైపు ఒక కారం మిల్లులో కొత్త లైన్ పెడుతున్నాం. తొడిమ తీసిన మిర్చి ప్లాస్టిక్ ట్రేల్లో కన్వేయర్ మీద గ్రైండర్ దాకా వస్తుంది. ప్రతి ట్రే అడుగునా 13.56 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ (తాకకుండానే రేడియో తరంగాలతో చదివే చిన్న చిప్పు) ఒకటి బిగించాం, అందులో లాట్ నంబరూ, మిర్చి రకమూ రాసి ఉంటాయి. గ్రైండర్ ముందు యాంటెన్నా దాన్ని చదవాలి, బాడిగ రకం నడుస్తున్నప్పుడు తేజ రకం ట్రే వస్తే సిలిండర్ దాన్ని పక్కకు తోసేయాలి. పని ఇంతే.

యాంటెన్నాని నడిపే ఆర్‌ఎఫ్‌ఐడీ కంట్రోలర్‌కి ఈథర్‌నెట్ పోర్టు ఉంది, ఈథర్‌నెట్/ఐపీ, మోడ్‌బస్ టీసీపీ అనే రెండు భాషలూ మాట్లాడుతుంది. లైన్‌ని నడిపే పీఎల్‌సీ రాక్‌వెల్ వాళ్ళ కాంపాక్ట్‌లాజిక్స్. పీఎల్‌సీ 192.168.1.10, కంట్రోలర్ 192.168.1.20, మాస్క్ రెండింటికీ 255.255.255.0. ల్యాప్‌టాప్ నుంచి పింగ్ బ్రహ్మాండంగా వస్తోంది, కంట్రోలర్ వెబ్ పేజీ తెరుచుకుంటోంది, ట్యాగ్ పెడితే ఆ పేజీలో నంబరు కూడా కనబడుతోంది. పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ స్టూడియో 5000లో కంట్రోలర్‌ని జెనరిక్ ఈథర్‌నెట్ మాడ్యూల్‌గా యాడ్ చేశాను. ట్రీలో పసుపు త్రికోణం పోవట్లేదు, ఎర్రర్ 16#0127. మాన్యువల్లో ఇన్‌పుట్ 100 వర్డ్‌లు, అవుట్‌పుట్ 100 వర్డ్‌లు అని ఉంది, నేను కూడా 100, 100 అనే ఇచ్చాను. ఆర్‌పీఐ (ఎంతసేపటికోసారి డేటా పంపాలో) 5 మిల్లీసెకన్లు. కంట్రోలర్ వివరాలుండే ఈడీఎస్ ఫైలు సప్లయర్ ఇస్తానన్నాడు, ఇంకా ఇవ్వలేదు, ఫోన్ ఎత్తట్లేదు. ఓనరు గారు రోజూ సాయంత్రం వచ్చి ప్యానెల్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు, ఆ టెన్షన్ వేరే.

ఆటోనగర్_సర్వీస్, విజయవాడ
సోమవారం రాత్రి 9:58

కామ్ ఫార్మాట్ ఏం పెట్టావ్? డింట్ (32 బిట్ల నంబరు) ఉంటే అదే నీ గొడవ.

బెజవాడ_లాడర్
సోమవారం రాత్రి 10:21

సర్వీస్ అన్న చెప్పింది కరెక్టే, కాస్త వివరంగా చెబుతాను తమ్ముడూ.

ముందు ఆ పింగ్ సంగతి. పింగ్ రావడం అంటే గేటు దగ్గర నిలబడి పిలిస్తే లోపల ఎవరో పలికినట్టు, అంతే, నిన్ను లోపలికి రమ్మన్నట్టు కాదు. కేబుల్ బాగుంది, అడ్రసు సరిగ్గా ఉంది, ఈ రెండే దాంతో తేలతాయి. పీఎల్‌సీ చేసే పని వేరు. అది ముందు టీసీపీ 44818 పోర్టు మీద కంట్రోలర్‌ని పట్టుకుని ఫార్వర్డ్ ఓపెన్ అనే రిక్వెస్ట్ పంపుతుంది. ఫలానా అసెంబ్లీ (డేటా బ్లాకు) నుంచి ఇన్ని బైట్లు నాకు కావాలి, ఫలానా అసెంబ్లీకి ఇన్ని బైట్లు నేను పంపుతాను, ఇన్ని మిల్లీసెకన్లకోసారి అని అందులో ఉంటుంది. కంట్రోలర్ ఒప్పుకుంటేనే ఆ తర్వాత అసలు డేటా యూడీపీ 2222 మీద అటూ ఇటూ పరిగెడుతుంది. ఆ బైట్ల లెక్కలో ఒక్క బైటు తేడా వచ్చినా చాలా కంట్రోలర్లు ముఖం మీదే కాదంటాయి. 16#0127 అంటే పీఎల్‌సీ పంపే వైపు సైజు కుదరలేదని. అది సరిచేశాక 16#0128 వస్తే చదివే వైపు సైజు కుదరలేదని.

జెనరిక్ మాడ్యూల్‌లో కామ్ ఫార్మాట్ డేటా డింట్‌లో ఉంటే నువ్వు 100 అని కొట్టినప్పుడు అది 100 డింట్‌లు, అంటే 400 బైట్లు. మాన్యువల్ చెప్పే వర్డ్ 16 బిట్లది, 100 వర్డ్‌లంటే 200 బైట్లు. ఫార్మాట్ డేటా ఇంట్‌గా (16 బిట్లు) పెట్టి 100, 100 ఇవ్వు. ఒకసారి మాడ్యూల్ క్రియేట్ చేశాక ఫార్మాట్ మార్చనివ్వదు, డిలీట్ చేసి మళ్ళీ యాడ్ చేసుకోవాలి. కాన్ఫిగరేషన్ అసెంబ్లీ సైజు 0 ఉంచు, ఇన్‌స్టెన్స్ నంబరు మాత్రం మాన్యువల్లో ఏదుంటే అదే వెయ్యి. రన్/ఐడిల్ హెడర్ అని ఇంకో 4 బైట్లు మాన్యువల్లో కనబడితే కంగారుపడి కలపొద్దు, దాన్ని పీఎల్‌సీయే కలుపుకుంటుంది.

ఆర్‌పీఐ 5 ఎందుకయ్యా? ట్రేలేమీ బుల్లెట్లు కాదుగా. 20 పెట్టు.

తెనాలి_సీమెన్స్
సోమవారం రాత్రి 10:40

నేను సీమెన్స్ పీఎల్‌సీ ఎస్7-1200 మీద ఇలాంటి పనే చేశాను కాబట్టి రెండు మాటలు. అక్కడ సీమెన్స్ వాడే నెట్‌వర్క్ ప్రోఫినెట్ అయితే పరికరం వివరాలుండే జీఎస్‌డీ ఫైలు వేసేస్తే సైజుల గోల ఉండదు, కానీ డివైస్ పేరు కుదరాలి. ఐపీ సరిగ్గా ఉన్నా ప్రాజెక్టులో ఉన్న పేరూ పరికరంలో ఉన్న పేరూ ఒకటి కాకపోతే అసలు పలకదు. ప్రోఫినెట్ లేని కంట్రోలర్ అయితే మోడ్‌బస్ టీసీపీ, ఎంబీ క్లయింట్ అనే రెడీమేడ్ ప్రోగ్రామ్ బ్లాకుతో. గుంటూరు తమ్ముడికి ఈథర్‌నెట్/ఐపీ కుదరకపోతే మోడ్‌బస్‌కి వెళ్ళొచ్చు కదా అనుకుంటున్నాను.

బెజవాడ_లాడర్
సోమవారం రాత్రి 10:47

కాంపాక్ట్‌లాజిక్స్‌లో మోడ్‌బస్ టీసీపీకి యాడ్ ఆన్ ఇన్‌స్ట్రక్షన్లు దింపుకోవాలి, సాకెట్లు అవీ. ఉన్న రాచబాట వదిలేసి పొలం గట్ల మీద పడటం దేనికి.

మంగళగిరి_స్టూడెంట్
సోమవారం రాత్రి 11:15

సార్, డిప్లొమా ఫైనలియర్. ఇంప్లిసిట్, ఎక్స్‌ప్లిసిట్ మెసేజింగ్ అని పుస్తకంలో ఉంది, తేడా అర్థం కాలేదు. ఇందులో ఏది వాడుతున్నారు?

స్వాతి_ఆటోమేషన్, విజయవాడ
మంగళవారం ఉదయం 7:05

తమ్ముడూ, పైన లాడర్ గారు చెప్పిన యూడీపీ 2222 మీద పరిగెత్తేదే ఇంప్లిసిట్. ఒకసారి కనెక్షన్ కుదిరాక నువ్వు అడిగినా అడగకపోయినా ప్రతి 20 మిల్లీసెకన్లకూ మొత్తం డేటా టేబుల్ వస్తూనే ఉంటుంది. పీఎల్‌సీలో అది మామూలు ఇన్‌పుట్ ట్యాగుల్లా కనబడుతుంది. ఎక్స్‌ప్లిసిట్ అంటే నువ్వు మెసేజ్ ఇన్‌స్ట్రక్షన్ వేసి అడిగినప్పుడే జవాబు వచ్చేది, టీసీపీ మీద. ట్రేలు కదులుతున్న లైన్లో మొదటిదే సుఖం. కంట్రోలర్ సెట్టింగులు మార్చడం, రోజుకోసారి ఏదో లాగ్ తెచ్చుకోవడం లాంటివాటికి రెండోది సరిపోతుంది.

ప్యానెల్_పిల్లోడు, అన్నట్టు, ల్యాప్‌టాప్, పీఎల్‌సీ, కంట్రోలర్, ఇవి కాకుండా ఆ స్విచ్ మీద ఇంకేమైనా ఉన్నాయా? మిల్లుల్లో చూస్తుంటాను, ఆఫీసు బిల్లింగ్ కంప్యూటరూ సీసీ కెమెరాలూ వైఫై రూటరూ అన్నీ ఒకే ఎనిమిది పోర్టుల స్విచ్ మీద వేలాడుతుంటాయి. రూటరు ఎవరి ఫోన్‌కో 192.168.1.20 ఇచ్చేసిన రోజున మీ కంట్రోలర్ మాయమవుతుంది, అప్పుడు ప్రోగ్రామ్ అంతా తిరగేసినా కారణం దొరకదు. మెషీన్ నెట్‌వర్క్ విడిగా పెట్టండి. కనెక్షన్ యూనికాస్ట్ టిక్ చేయండి, లేకపోతే పాత పద్ధతిలో మల్టీకాస్ట్ వెళ్ళి మామూలు స్విచ్‌లో ప్రతి పోర్టుకీ ఆ ప్యాకెట్లన్నీ పంచుతుంది.

ప్యానెల్_పిల్లోడు
మంగళవారం మధ్యాహ్నం 1:30

లాడర్ అన్నా, ఇంట్ పెట్టగానే త్రికోణం పోయింది! మీకు శంకర్ విలాస్ సెంటర్లో కాఫీ బాకీ. స్వాతి మేడమ్, మీరన్నట్టే రెండు కెమెరాలు అదే స్విచ్ మీద ఉన్నాయి, ఆ స్విచ్ తీసేసి విడిగా ఒకటి పెట్టించాం.

ఇప్పుడు డేటా వస్తోంది కానీ తిక్కగా వస్తోంది. వెబ్ పేజీలో టీజే0417 అని కనబడే ట్యాగ్ పీఎల్‌సీలో జేటీ4071 అని వస్తోంది. ఇంకో విషయం, ట్యాగ్ యూఐడీ (చిప్ సొంత నంబరు) చదివితే మొదటి వర్డ్‌లో -8188 అని మైనస్ నంబరు వస్తోంది. ట్యాగ్ నంబరు మైనస్ ఎలా ఉంటుంది?

స్వాతి_ఆటోమేషన్
మంగళవారం మధ్యాహ్నం 2:10

రెండూ తప్పులు కావు. -8188ని స్టైల్ కాలమ్‌లో హెక్స్‌కి మార్చి చూడండి, 16#ఈ004 అని కనబడుతుంది (ఈ అంటే ఇంగ్లిష్ అక్షరం). ఐఎస్ఓ 15693 ప్రమాణం ప్రకారం చేసిన ట్యాగుల యూఐడీ 8 బైట్లు, పై బైటు ఎప్పుడూ ఈ0 ఉంటుంది, తర్వాతి బైటు చిప్ తయారీదారు కోడ్. ఇంట్‌లో పై బిట్ 1 అయితే మైనస్‌గా చూపిస్తుంది, అంతే. కొన్ని రీడర్లు అదే యూఐడీని తోక నుంచి తలకి పంపుతాయి, అప్పుడు ఈ0 చివర్లో వస్తుంది, ఎందుకంటే గాలిలో ఆ ట్యాగ్ నిజంగానే కింది బైటు ముందు పంపుతుంది. వేరే రీడరుతో చదివిన నంబరుతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

జేటీ4071 సంగతి బైట్ ఆర్డరు. ఒక వర్డ్‌లో రెండక్షరాలు, ఏది ముందు అన్నది ఆయన ఒకలా ఈయన ఒకలా అనుకుంటున్నారు. అందుకే జంట జంటగా తిరగబడ్డాయి, టీజే, 04, 17. కంట్రోలర్ సెట్టింగుల్లో బైట్ స్వాప్ అన్న ఆప్షన్ ఉంటే అక్కడే మార్చండి, లేకపోతే పీఎల్‌సీలో స్వాప్ బైట్ ఇన్‌స్ట్రక్షన్ ప్రతి వర్డ్‌కీ వేయండి. ఒకటే హెచ్చరిక. కంట్రోలర్‌లో స్వాప్ పెడితే కొన్నింటిలో కమాండు వర్డ్‌లు కూడా తిరగబడతాయి, అప్పుడు మీరు పంపే రీడ్ కమాండు దానికి ఇంకేదోలా కనబడుతుంది. నేనైతే కంట్రోలర్ని ముట్టుకోను, డేటా వర్డ్‌లు మాత్రమే పీఎల్‌సీలో తిప్పుకుంటాను.

రిటైర్డ్_ఫోర్‌మన్, కొండపల్లి
మంగళవారం సాయంత్రం 5:45

అబ్బాయిలూ, ముసలాడి ప్రశ్న అనుకోండి. ట్రేకి ఒక బార్‌కోడ్ అంటిస్తే వందల్లో పోయేదానికి ఇంత సంత ఎందుకు?

ప్యానెల్_పిల్లోడు
మంగళవారం సాయంత్రం 6:20

బాబాయ్ గారూ, మా దగ్గర ముందు అదే ఉండేది. కారం మిల్లులో ధూళి ఎలా ఉంటుందో తెలుసుగా, షిఫ్టు మొదలైన గంటకి స్టిక్కర్ ఎర్రగా పూతేసినట్టు అయిపోతుంది, స్కానర్ అద్దం కూడా. తుడిచేవాడు తుమ్ముతూనే ఉంటాడు. పైగా ట్రేలు రోజూ కడుగుతారు, స్టిక్కర్ నిలవదు.

రిటైర్డ్_ఫోర్‌మన్
మంగళవారం సాయంత్రం 6:35

అయితే సరే, ఒప్పుకున్నా. కానీ ట్యాగ్‌లో యూఐడీ ఒక్కటే చదివి, లాట్ వివరాలు కంప్యూటర్లో పెట్టుకోవచ్చుగా? ట్యాగ్ మీద రాయడం దేనికి?

బెజవాడ_లాడర్
మంగళవారం రాత్రి 8:02

దీని మీద రెండు పక్షాలున్నాయి ఫోర్‌మన్ గారూ. యూఐడీ ఒక్కటే చదివితే రీడ్ త్వరగా అయిపోతుంది, ట్యాగ్ మీద రాతలు ఉండవు కాబట్టి చెడిపోదు. మామూలు ఈఈప్రామ్ ట్యాగులు లక్ష సార్లు రాసేదాకా అని లెక్క చెబుతారు, రోజుకి పదిసార్లు రాసినా ఏళ్ళు పడుతుంది, అది భయం కాదు. నా భయం కంప్యూటర్ పక్షాన. గుంటూరు మే నెలలో కరెంటు ఎప్పుడు పోతుందో, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేం. సర్వర్ పడితే లైన్ పడుతుంది. ట్రే తన సమాచారం తనే మోసుకుంటే పీఎల్‌సీ, రీడరు రెండూ బతికుంటే చాలు. చిన్న మిల్లుకి నేను ట్యాగ్ మీద రాయడానికే ఓటు వేస్తాను. పెద్ద గోడౌన్ అయితే, ట్రేలు ఊళ్ళు తిరిగేలా ఉంటే, అప్పుడు డేటాబేసు తప్పదు.

ప్యానెల్_పిల్లోడు
బుధవారం రాత్రి 10:15

బైట్లు సరైపోయాయి. ఇప్పుడు అసలు సమస్యకి వచ్చాం, దీనికి తల పగిలిపోతోంది. డేటా ఒక ట్రే వెనక వస్తోంది! మొదటి ట్రే తేజ, రెండోది బాడిగ అనుకోండి. రెండో ట్రే యాంటెన్నా మీదకి రాగానే పీఎల్‌సీలో తేజ అని ఉంటోంది. మూడోది వచ్చినప్పుడు బాడిగ అని. దాంతో సిలిండర్ మంచి ట్రేని తోసేసి తప్పు ట్రేని వదిలేస్తోంది.

నా లాజిక్ ఇది. కంట్రోలర్ టేబుల్లో అవుట్‌పుట్ 0వ వర్డ్ కమాండు కౌంటరు, 1వ వర్డ్ అందిందని చెప్పే కౌంటరు, తర్వాత కమాండు, యాంటెన్నా నంబరు, టైమవుట్, మొదటి అడ్రసు, ఎన్ని బైట్లు. ఇన్‌పుట్‌లో 0వ వర్డ్ కమాండు తీసుకున్నానని చెప్పే కౌంటరు, 1వ వర్డ్ రెస్పాన్స్ కౌంటరు, తర్వాత స్టేటస్, డేటా. ట్రే సెన్సర్ పడగానే కమాండు కౌంటరు ఒకటి పెంచుతున్నాను, అదే రంగ్‌లో (లాడర్ ప్రోగ్రామ్‌లో ఒక మెట్టు) ఇన్‌పుట్ రెస్పాన్స్ కౌంటరుని అవుట్‌పుట్ 1వ వర్డ్‌కి కాపీ చేస్తున్నాను, 50 మిల్లీసెకన్ల టైమర్ అయ్యాక డేటా తీసుకుంటున్నాను. టైమర్ 200 చేస్తే కొన్ని బాగా వస్తున్నాయి, కొన్ని మళ్ళీ వెనకే.

ఆటోనగర్_సర్వీస్
బుధవారం రాత్రి 10:22

టైమర్ పీకెయ్.

బెజవాడ_లాడర్
బుధవారం రాత్రి 11:08

పీకెయ్ అంటే సరిపోదన్నా, బదులుగా ఏం పెట్టాలో చెప్పాలిగా. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఈథర్‌నెట్‌లో కనెక్షన్ కుదర్చడం ఈ పనిలో చిన్న భాగం, అసలు భాగం ఈ కౌంటర్ల మాటామంతీ. నేను చూసిన ఆర్‌ఎఫ్‌ఐడీ లైన్లలో సగం ఇక్కడే కుంటాయి.

నీ లాజిక్‌లో ఏం జరుగుతోందో చూడు. మొదటి ట్రే వచ్చింది, కమాండు వెళ్ళింది. ట్యాగ్ యాంటెన్నా ఫీల్డ్‌లోకి పూర్తిగా రావాలి, రీడరు దాన్ని చదవాలి, జవాబు టేబుల్లో పెట్టాలి, అది ఆర్‌పీఐ ప్రకారం నీ దగ్గరికి రావాలి. వెళ్ళేటప్పుడు ఒక 20, వచ్చేటప్పుడు ఒక 20, మధ్యలో ట్యాగ్ దగ్గర కొన్ని పదుల మిల్లీసెకన్లు, సెన్సర్ యాంటెన్నాకి కాస్త ముందుంటే ఆ ప్రయాణం అదనం. నీ 50 మిల్లీసెకన్లలో ఇది ఎప్పుడో గానీ అవ్వదు. టైమర్ అయిపోయింది, నువ్వు టేబుల్ చూశావు, అందులో ఉన్నది ఇందాకటి ట్రే జవాబు. దాన్నే తీసుకున్నావు.

ఇది సగం. రెండో సగం నీ అక్నాలెడ్జ్. జవాబు అందింది అని నువ్వు చెప్పేదాకా కంట్రోలర్ కొత్త జవాబుని టేబుల్లో పెట్టదు, లోపల వరసలో ఉంచుతుంది. నువ్వు అందిందని ఎప్పుడు చెబుతున్నావు? తర్వాతి ట్రే సెన్సర్ పడినప్పుడు. అంటే రెండో ట్రే వచ్చేదాకా మొదటి ట్రే జవాబు టేబుల్లోనే కూర్చుంటుంది. మధ్యలో ఎక్కడైనా ఒక అదనపు జవాబు, టైమవుట్ మెసేజో ఇంకోటో, వరసలో దూరిందంటే ఇక అక్కడి నుంచి లైన్ ఆపేదాకా ఒక ట్రే వెనకే. టైమర్ 200 చేసినా కొన్ని వెనకే ఉండటానికి కారణం అదే.

ఇలా మార్చు. సెన్సర్ పడగానే ముందు నీ బఫర్‌ని సున్నాలతో నింపు, పాత డేటా అనేదే ఎక్కడా మిగలకూడదు. కమాండు, అడ్రసు, బైట్లు ముందు రాయి, కమాండు కౌంటరు పెంచడం చివరి పని, ఎందుకంటే ప్యాకెట్ నీ స్కాన్ (పీఎల్‌సీ ప్రోగ్రామ్ ఒక చుట్టు) మధ్యలో ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు, సగం రాసిన కమాండుకి ట్రిగ్గర్ పడకూడదు. ఇక సెన్సర్‌తో నీకు పని లేదు. ప్రతి స్కాన్‌లో ఇన్‌పుట్ రెస్పాన్స్ కౌంటరుని నువ్వు దాచుకున్న పాత విలువతో పోల్చు. తేడా వచ్చిందా, అప్పుడే జవాబు వచ్చినట్టు. మొత్తం ఇన్‌పుట్ బ్లాకుని సింక్రనస్ కాపీతో బఫర్లోకి ఒక్కసారే లాగు. మామూలు కాపీ వద్దు, లాజిక్స్ కుటుంబంలో ఇన్‌పుట్‌లు స్కాన్‌తో సంబంధం లేకుండా మారుతుంటాయి, కాపీ సగంలో కొత్త ప్యాకెట్ వస్తే లాట్ నంబరు ఒక ట్రేది, రకం ఇంకో ట్రేది అయి కూర్చుంటుంది. కాపీ అయ్యాక కొత్త కౌంటరు దాచుకుని, అదే స్కాన్‌లో అవుట్‌పుట్ 1వ వర్డ్‌కి పంపి అందిందని చెప్పు.

టైమర్ ఒకటి ఉండాలి, కానీ డేటా తీసుకోవడానికి కాదు, రాలేదని తేల్చడానికి. దాంట్లో జవాబు రాకపోయినా, జవాబు వచ్చి స్టేటస్ ఎర్రర్ ఉన్నా ఆ ట్రేని పక్కకి తోసేయి. చదవలేని ట్రేని మంచిదని వదిలితే నీ లైన్ ఉండీ లేనట్టే.

స్వాతి_ఆటోమేషన్
గురువారం ఉదయం 6:50

లాడర్ గారు చెప్పినదానికి ఒక లెక్క కలుపుతాను. మీ కన్వేయర్ నిమిషానికి 18 మీటర్లు అనుకుంటే సెకనుకి 30 సెంటీమీటర్లు. యాంటెన్నా ఫీల్డ్ 12 సెంటీమీటర్లు ఉంటే ట్యాగ్ అందులో ఉండేది 400 మిల్లీసెకన్లు. పైన చెప్పిన రాకపోకలన్నీ పోను ఇంకా సమయం మిగులుతుంది, మీరు ట్రేని ఆపక్కర్లేదు. కానీ సెన్సర్ ఆలస్యంగా పడితే, ట్యాగ్ ఫీల్డ్ మధ్యలోకి వచ్చాక కమాండు వెళితే, ఆ 400లో సగం పోతుంది. సెన్సర్‌ని యాంటెన్నా అంచుకి కాస్త ముందుకి జరపండి, కమాండులో టైమవుట్ 500 ఇవ్వండి, ట్యాగ్ వచ్చేదాకా రీడరే వెతుకుతూ ఉంటుంది. మీ కంట్రోలర్‌లో కంటిన్యువస్ రీడ్ మోడ్ ఉంటే ఇంకా హాయి, ట్యాగ్ ఫీల్డ్‌లోకి రాగానే దానంతట అదే జవాబు పెడుతుంది, కమాండు పంపే పనే ఉండదు. అదే ట్యాగ్‌ని మళ్ళీ మళ్ళీ చదవకుండా ఎంతసేపు పట్టించుకోకూడదో ఒక సెట్టింగ్ ఉంటుంది, అది చూసుకోండి.

మంగళగిరి_స్టూడెంట్
గురువారం ఉదయం 8:30

మేడమ్, కాజా టోల్ దగ్గర కార్లు వెళ్తుంటే పైనుంచి ఫాస్టాగ్ చదివేస్తుంది కదా, ఇక్కడ 12 సెంటీమీటర్లకే ఇంత కష్టమా?

స్వాతి_ఆటోమేషన్
గురువారం ఉదయం 9:12

అది యూహెచ్‌ఎఫ్ తమ్ముడూ, మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ బ్యాండు ఆర్‌ఎఫ్‌ఐడీకి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. మీటర్ల దూరం చదువుతుంది. అదే దాని ఇబ్బంది కూడా, ఈ ట్రేతో పాటు వెనక ట్రేనీ, పక్కన పేర్చిన ఖాళీ ట్రేలనీ అన్నింటినీ చదివి పెడుతుంది. ఇక్కడ ఏ ట్రే ముందుందో తేలాలి కాబట్టి దగ్గర చదివే హెచ్‌ఎఫ్ (ఈ 13.56 మెగాహెర్ట్జ్) కావాలి. పచ్చి సరుకులో తేమ ఉన్నా హెచ్‌ఎఫ్ అంతగా పట్టించుకోదు.

రిటైర్డ్_ఫోర్‌మన్
గురువారం సాయంత్రం 4:40

యాంటెన్నాని కన్వేయర్ ఫ్రేముకి డైరెక్టుగా బోల్టు వేశారా? అలా వేసి ఉంటే ఇనుము దాని ఫీల్డ్‌ని మింగేస్తుంది, చదివే దూరం సగానికి పడిపోతుంది. నైలాన్ షీటు ముక్క ఒకటి మందంగా కోసి మధ్యలో పెట్టండి. ఎంత మందం అన్నది యాంటెన్నా కాగితంలో ఉంటుంది.

ప్యానెల్_పిల్లోడు
శుక్రవారం రాత్రి 9:25

బాబాయ్ గారూ, మీకు దండం! ఫ్రేముకే బోల్టు వేశారు ఫ్యాబ్రికేషన్ వాళ్ళు. నైలాన్ పెట్టాక రీడ్ దూరం చేత్తో కొలిస్తేనే తేడా తెలుస్తోంది. లాడర్ అన్న చెప్పినట్టు కౌంటర్ల లాజిక్ మొత్తం తిరగరాశాను, ఈ రోజు షిఫ్టంతా ఒక్క ట్రే కూడా వెనక రాలేదు. తేజ నడుస్తుండగా మధ్యలో బాడిగ ట్రేలు దూర్చి చూశాం, ప్రతిదాన్నీ తోసేసింది.

రెండు మిగిలాయి. ఒకటి, కరెంటు పోయి వచ్చాక మొదటి ట్రే ఎప్పుడూ నో రీడ్ అవుతోంది. రెండు, గ్రైండర్ మోటారు స్టార్ట్ అయినప్పుడు అప్పుడప్పుడు కనెక్షన్ ఒక సెకను పోయి వస్తోంది.

బెజవాడ_లాడర్
శుక్రవారం రాత్రి 9:50

మొదటిది సులువు. పీఎల్‌సీ దగ్గర కౌంటరు ఒక విలువలో ఉంటుంది, కంట్రోలర్ రీస్టార్ట్ అయి సున్నా దగ్గర ఉంటుంది, లేదా దీనికి తిరగేసి. ఇద్దరి లెక్కా కలవదు. కనెక్షన్ మళ్ళీ లేవగానే కంట్రోలర్ చూపిస్తున్న రెండు కౌంటర్లనీ చదివి నీ దాచుకున్న విలువల్లో వేసుకో, అవుట్‌పుట్‌లో కూడా అవే వెయ్యి, ఆ తర్వాతే ట్రేలని కదలనివ్వు. ఫస్ట్ స్కాన్ బిట్‌తో చేయకు, ఆ స్కాన్‌లో కనెక్షన్ ఇంకా కుదిరి ఉండదు, సున్నాలు చదువుతావు. జీఎస్‌వీ ఇన్‌స్ట్రక్షన్‌తో మాడ్యూల్ ఎంట్రీ స్టేటస్ (కనెక్షన్ స్థితి) తీసుకుని పై అంకె 4 అయ్యాక చెయ్యి, అంటే 16#4000.

ఆటోనగర్_సర్వీస్
శుక్రవారం రాత్రి 10:05

రెండోది కేబులు. ఎం12 (గుండ్రటి మర) కనెక్టరు మీరే క్రింప్ చేశారా?

ప్యానెల్_పిల్లోడు
శుక్రవారం రాత్రి 10:11

అవునన్నా, రెడీమేడ్ కేబులు ధర చూసి ఓనరు గారు గుండె పట్టుకున్నారు. డీ కోడ్ ఎం12 కనెక్టరు తెప్పించి మామూలు క్యాట్5 వేశాం. మోటారు కేబుల్ ఉన్న ట్రేలోంచే తెచ్చాం, వేరే దారి లేదు.

ఆటోనగర్_సర్వీస్
శుక్రవారం రాత్రి 10:30

దారి చేసుకోవాలి. డ్రైవ్ నుంచి మోటారుకి వెళ్ళే కేబుల్ పక్కన ఈథర్‌నెట్ పడుకోబెడితే ఇదే జరుగుతుంది. కనీసం జానెడు దూరం, దాటాల్సి వస్తే అడ్డంగా దాటు. షీల్డ్ ఉన్న క్యాట్5ఈ వెయ్యి, షీల్డ్ ప్యానెల్ ఎర్త్‌కి వెళ్ళాలి. డీ కోడ్‌లో పిన్ 1 ఆర్‌జే45లో (మామూలు ఈథర్‌నెట్ ప్లగ్గు) 1కి, పిన్ 3 2కి, పిన్ 2 3కి, పిన్ 4 6కి. ఇక్కడ చాలామంది వరస ప్రకారం 1, 2, 3, 4 కలిపేస్తారు, అప్పుడు జంటలు విడిపోతాయి. లింక్ లైటు వెలగనే వెలగదు అనుకోకు, పొట్టి కేబుల్లో దీపం వెలిగి కూర్చుంటుంది, మోటారు తిరిగితే తెలుస్తుంది.

ఇంకోటి. 24 వోల్టుల సప్లయి ఒకటేనా? సోలినాయిడ్ వాల్వులూ కంట్రోలరూ ఒకే సప్లయి మీద ఉంటే వాల్వు కాయిల్ ఆఫ్ అయినప్పుడు వచ్చే స్పైకు దీనికి తగులుతుంది. డయోడ్లు పెట్టు, కుదిరితే సప్లయి విడగొట్టు.

తెనాలి_సీమెన్స్
శనివారం ఉదయం 11:00

నాకూ ఇలాంటి లైన్ ఒకటి వస్తోంది, ఎస్7-1200 మీద మోడ్‌బస్ టీసీపీ. ఈ కౌంటర్ల పద్ధతి అక్కడ కూడా ఇలాగేనా?

బెజవాడ_లాడర్
శనివారం మధ్యాహ్నం 12:15

అచ్చం ఇలాగే, తేడా ఏంటంటే టేబుల్ దానంతట అది రాదు, నువ్వే అడిగి తెచ్చుకోవాలి. ఒక ఎంబీ క్లయింట్‌తో చదవడం, అది అయ్యాక అదే ఇన్‌స్టెన్స్ డీబీతో (ఆ బ్లాకు డేటా ఉండే చోటు) రాయడం, మళ్ళీ చదవడం, ఇలా వంతుల వారీగా తిప్పు. రెండూ ఒకేసారి పంపావంటే రెండోది ఎర్రర్ ఇచ్చి కూర్చుంటుంది. ఒక రిక్వెస్ట్‌లో 125 రిజిస్టర్ల కన్నా ఎక్కువ చదవలేవు, రాయడం అయితే 123. మాన్యువల్లో 40001 అని ఉన్నది కొన్ని చోట్ల 0వ రిజిస్టరు, డేటా ఒక వర్డ్ పక్కకి జరిగి వస్తే ముందు అనుమానించాల్సింది ఇదే. కమాండు వర్డ్‌లు ఒక రైట్‌లో, కౌంటరు దాని తర్వాతి రైట్‌లో పంపితే నిశ్చింత.

ఆటోనగర్_సర్వీస్
శనివారం మధ్యాహ్నం 12:40

తెనాలి బ్రదర్, కొన్ని కంట్రోలర్లు 502 పోర్టు మీద ఒక్క క్లయింట్‌నే ఒప్పుకుంటాయి. ల్యాప్‌టాప్‌లో టెస్ట్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచి పీఎల్‌సీ ఎందుకు కనెక్ట్ అవ్వట్లేదని రాత్రి ఫోన్ చేయకండి. ముందు దాన్ని మూసేసి, ఒక నిమిషం ఆగి, అప్పుడు పీఎల్‌సీని రన్‌లో పెట్టండి.

ప్యానెల్_పిల్లోడు
ఆదివారం మధ్యాహ్నం 3:20

ఎంట్రీ స్టేటస్ చూసి కౌంటర్లు కలిపే రంగ్ పెట్టాను, మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చేసి చూశాం, మొదటి ట్రే సరిగ్గానే చదివింది. షీల్డ్ కేబులు వేరే పైపులోంచి లాగాం, పాత క్రింపింగ్‌లో 2, 3 పిన్నులు సర్వీస్ అన్న అనుమానించినట్టే తప్పుగా కలిపి ఉన్నాయి. గ్రైండర్ స్టార్ట్ చేసి చేసి ఓనరు గారికి విసుగొచ్చింది కానీ కనెక్షన్ మాత్రం పోలేదు. రెండో లైన్‌కి ఇంకో యాంటెన్నా ఇదే కంట్రోలర్‌కి వేస్తున్నాం, జవాబులో యాంటెన్నా నంబరు వర్డ్ కూడా బఫర్లోకి తీసుకుని దాన్ని బట్టి ఏ లైన్ సిలిండరో తేల్చేలా రాస్తున్నాను. మీలో ఎవరైనా ఒకే కంట్రోలర్ మీద రెండు యాంటెన్నాలు పక్కపక్కన పెట్టి ఉంటే, ఒకదాని ఫీల్డ్ ఇంకోదానికి తగలకుండా ఎంత ఎడం వదిలారో చెప్పండి, ఇక్కడ రెండు కన్వేయర్ల మధ్య ఒక మనిషి నడిచేంతే ఖాళీ ఉంది.

స్వాతి_ఆటోమేషన్
ఆదివారం సాయంత్రం 6:05

మనిషి నడిచేంత ఉంటే 12 సెంటీమీటర్ల ఫీల్డ్‌కి చాలు. అయినా కనీస ఎడం ఎంతో యాంటెన్నా కాగితంలో ఇస్తారు, అది చూసే బోల్టు వేయండి. అనుమానం ఉంటే ఒక లైన్ రీడరుని ఆపేసి రెండో లైన్ నో రీడ్‌లు లెక్కపెట్టండి, తర్వాత రెండూ నడిపి లెక్కపెట్టండి. పెరిగితే రెండు యాంటెన్నాలకీ కమాండులు వంతుల మీద పంపండి.